సైకిల్‌కి సంచి ఎక్కడ కట్టాలి?

హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర ఆగే సైకిళ్లు ఈ రోజుల్లో తక్కువే. ఆ ఉన్నవాటి మీద సామాను మోసే తీరు మాత్రం మూడు రకాలే. కొందరి కూరగాయల సంచి హ్యాండిల్‌కి వేలాడుతుంటుంది. కొందరి బ్యాగు వీపున ఉంటుంది. ఇంకొందరు క్యారియర్ మీద మూట పెట్టి, పాత ట్యూబు ముక్కతో బిగించి కడతారు. వీటిలో మొదటిది అన్నిటికన్నా సులువు, అన్నిటికన్నా ప్రమాదం కూడా. మూడోదాన్ని పాతకాలపు మోటు పద్ధతి అనుకుంటాం గానీ, భౌతికశాస్త్రం ఓటు వేసేది దానికే.

హ్యాండిల్‌కి వేలాడే సంచిని కాసేపు గమనించండి. బండి కదలగానే ఊగడం మొదలెడుతుంది. గతుకుల వల్ల అనుకుంటాం. రోడ్డు నున్నగా ఉన్నా అది ఊగుతూనే ఉంటుంది, ఎందుకంటే ఊపుతున్నది మనమే. కుడి పెడల్ తొక్కినప్పుడు సైకిల్ కాస్త ఒక పక్కకి, ఎడమ పెడల్ తొక్కినప్పుడు రెండో పక్కకి ఒరుగుతుంది. అంటే పెడల్ ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి సంచికి అటొకటి, ఇటొకటి తోపులు పడతాయి. ఊళ్లో తాపీగా తొక్కేవాళ్ల పెడల్ నిమిషానికి 60 చుట్ల దగ్గర్లో తిరుగుతుంది, అంటే సెకనుకి ఒకటి.

ఇక సంచి లెక్క. లోలకం ఒకసారి ఊగి రావడానికి పట్టే కాలం దాని పొడవు మీదే ఆధారపడుతుంది, బరువు మీద కాదని హైస్కూల్లో చదువుకున్నాం. హ్యాండిల్ నుంచి సంచిలోని సరుకు మధ్యభాగం దాకా 25 సెంటీమీటర్లు ఉందనుకుంటే ఆ కాలం సరిగ్గా ఒక సెకను వస్తుంది. లోపల కిలో ఉల్లిగడ్డలున్నా నాలుగు కిలోలున్నా అంతే. మామూలు గుడ్డసంచి వేలాడే పొడవు కూడా దాదాపు ఇంతే! మన తోపు, సంచి ఊపు ఒకే తాళంలో పడతాయి. దీన్నే అనునాదం అంటారు. ఒక్కో తోపుకీ ఊపు కొంచెం కొంచెంగా పెరిగి, చివరికి సంచి ముందు చక్రం వైపు వెళుతుంది. పట్టీ చువ్వల్లో చిక్కుకుందంటే ముందు చక్రం టక్కున ఆగిపోతుంది, మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకి పడతాడు. వేరే దారి లేక హ్యాండిల్‌కే తగిలించాల్సి వస్తే, పట్టీలు ముడేసి సంచిని బాగా పైకి లాగండి. పొడవు పది సెంటీమీటర్లకు తగ్గితే ఊగే కాలం 0.63 సెకనుకి పడిపోయి తాళం తప్పుతుంది, సంచి చక్రానికీ దూరమవుతుంది. ఖర్చు లేని వైద్యం.

ఊపు లేకపోయినా హ్యాండిల్ చివర బరువు మంచిది కాదు. కారణం తెలియాలంటే సైకిల్ అసలు పడిపోకుండా ఎలా ఉంటుందో చూడాలి. ఎడమకి ఒరిగితే హ్యాండిల్ ఎడమకే తిప్పుతాం. దాంతో చక్రాలు పడబోతున్న బరువు కిందికి వచ్చి నిలబెడతాయి. సైకిల్ తొక్కడమంటే తెలిసీ తెలియకుండా ఈ చిన్న దిద్దుబాట్లు చేస్తూ పోవడమే. చక్రాలు బొంగరంలా తిరగడం వల్లే సైకిల్ నిలబడుతుందని చాలా పుస్తకాల్లో ఉంటుంది. 2011లో అమెరికా, నెదర్లాండ్స్ పరిశోధకులు ఆ బొంగరం ప్రభావాన్ని పూర్తిగా రద్దుచేసే సైకిల్ ఒకటి తయారుచేసి, అది కూడా తనంతట తాను పడకుండా వెళ్లగలదని ‘సైన్స్’ పత్రికలో చూపించారు. వాళ్ల సైకిల్లో పని చేసింది ముఖ్యంగా బరువుల అమరిక, అందులోనూ హ్యాండిల్‌తో పాటు తిరిగే ముందు భాగం బరువు ఎక్కడ ఉందన్నది.

సంచి తగిలించి మనం మారుస్తున్నది సరిగ్గా దాన్నే. హ్యాండిల్ తిరిగే ఇరుసుకి బరువు ఎంత దూరంలో ఉంటే, తిప్పడానికి అడ్డొచ్చే జడత్వం ఆ దూరపు వర్గం చొప్పున పెరుగుతుంది. నాలుగు కిలోల సంచి హ్యాండిల్ చివర, ఇరుసుకి 28 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. అదే సంచిని 7 సెంటీమీటర్ల దూరానికి, అంటే మధ్యకి జరిపితే దాని జడత్వం పదహారో వంతుకి పడిపోతుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఆ ఇరుసు నిట్టనిలువుగా ఉండదు, 20 డిగ్రీల దాకా వెనక్కి వాలి ఉంటుంది. అందుకని ఒక పక్క వేలాడే బరువు హ్యాండిల్‌ని ఎప్పుడూ ఆ పక్కకే లాగుతుంది. రైతు బజారు నుంచి ఇంటికొచ్చేసరికి ఒక మణికట్టు మాత్రమే ఎందుకు నొప్పి పుడుతుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. హ్యాండిల్ మధ్యలో బిగించే చిన్న బ్యాగు మంచిదే. అందులో ఫోను, పర్సు, తాళాలు వేసుకోవచ్చు, ఉల్లిగడ్డలు మాత్రం కాదు.

అసలు బరువంటే మనకు అక్కర్లేనంత భయం. మాసబ్ ట్యాంక్ నుంచి బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1 మీదుగా పంజాగుట్ట, అక్కడి నుంచి అమీర్‌పేట కోచింగ్ సెంటర్‌కి వెళ్లే కుర్రాడి దగ్గర ఐదు కిలోల బ్యాగు ఉందనుకుందాం. దారిలో అన్నీ కలిపి 30 మీటర్ల ఎత్తు ఎక్కాడనుకుంటే, ఆ బ్యాగుని ఎత్తడానికి అయ్యే పని 1470 జౌళ్లు. మన కండరాలు తినే శక్తిలో పావు వంతే పనిగా మారుస్తాయి కాబట్టి ఒంటికి పడే ఖర్చు సుమారు ఒకటిన్నర కిలో కేలరీ. చక్కెరలో చెప్పాలంటే అర గ్రాము కూడా కాదు. ఐదు కిలోలు మోశానన్న బాధలో ఎక్కువ భాగం ఎత్తినందుకు కాదు, మోసిన చోటు వల్ల వచ్చింది.

ఆ కుర్రాడు బ్యాగు వీపున వేసుకుంటాడు. ల్యాప్‌టాప్‌కి అదే క్షేమమని అతని నమ్మకం, కొంతవరకు నిజమే కూడా. స్పీడ్ బ్రేకర్ మీద మన నడుము, మోకాళ్లు కుదుపుని మింగేస్తాయి. అయితే కండరాలు పనిగా మార్చని ఆ ముప్పావు వంతు శక్తీ వేడే అవుతుంది, అది బయటికి పోవాలి. మే నెలలో గాలి వేడి 40 డిగ్రీలుంటే, 35 దగ్గర ఉండే చర్మం ఆ గాలికి వేడిని ఇవ్వలేదు, పైపెచ్చు తీసుకుంటుంది. మిగిలిన దారి చెమట ఒక్కటే. లీటరు చెమట పూర్తిగా ఆరితే సుమారు 580 కిలో కేలరీల వేడి పోతుంది. ఆరాలి మరి, కారిపోతే లాభం లేదు. కాలిన గాయాలకు డాక్టర్లు వేసే లెక్కలో మొండెం వెనక భాగం ఒంటి చర్మంలో 18 శాతం. బ్యాగు అందులో పెద్ద వాటానే మూసేస్తుంది. చలికాలం పొద్దున పర్వాలేదు గానీ, ఏప్రిల్ మధ్యాహ్నం ఇది సౌకర్యం సంగతి కాదు, ఆరోగ్యం సంగతి.

వీపు మీది బరువు ఎత్తులో ఉంటుంది కాబట్టి సైకిల్ పడిపోతుందని కొందరంటారు. నడుస్తున్నంతసేపూ అది అంత నిజం కాదు. పొడుగాటి చీపురు కర్రని అరచేతి మీద నిలబెట్టడం పెన్సిల్‌ని నిలబెట్టడం కన్నా తేలిక, పొడుగుది మెల్లగా ఒరుగుతుంది గనుక. చిక్కు ఆగినప్పుడూ బయల్దేరినప్పుడూ వస్తుంది. పది డిగ్రీలు ఒరిగిన సైకిల్ని కాలుతో ఆపుకుంటున్నప్పుడు, 1.2 మీటర్ల ఎత్తున్న బరువు అర మీటరు ఎత్తున్న బరువు కన్నా రెండింతలకు పైగా బలంతో పక్కకి లాగుతుంది. సిటీలో సిగ్నళ్లకు కొదవ లేదు కదా.

బరువు కిందికి, వెనక్కి, రెండు పక్కలకీ సమంగా. ఈ సూత్రం కోసం మనం విదేశీ కేటలాగులు తిరగెయ్యక్కర్లేదు, పాలవాళ్ల సైకిల్ చూస్తే చాలు. క్యారియర్‌కి అటో కొక్కెం, ఇటో కొక్కెం, వాటికి క్యాన్లు. వెనక చక్రం ఇరుసు దగ్గర్లోనే బరువంతా. ఊళ్లలో కల్లు కుండలు కట్టుకొచ్చే గీత కార్మికుల సైకిలూ అంతే. పానియర్లని వేలకు వేలు పోసి కొనే జంట సంచులు చేసే పని కూడా ఇదే. 1954లో దియన్ బియన్ ఫూ యుద్ధానికి వియత్నాం వాళ్లు కొండదారుల్లో ఒక్కో సైకిల్ మీద 200 కిలోలకు పైగా సరుకు చేరవేశారు. తొక్కలేదు లెండి, హ్యాండిల్‌కీ సీటుకీ వెదురు బొంగులు కట్టి తోసుకుపోయారు.

క్యారియర్ మీద ట్యూబు కట్టడంలోనూ తెలివుంది. తాడు బిగించి కట్టినా గతుకులకు మూట సర్దుకుని పొట్టిదవగానే వదులైపోతుంది. సాగి ఉన్న రబ్బరు మూట తగ్గినంత మేరా తానూ ముడుచుకుని పట్టు నిలుపుకుంటుంది. పేపర్ల కట్ట జారకుండా ఇల్లిల్లూ తిరిగేది ఈ ట్యూబు మీది నమ్మకంతోనే.

ఇక వాన. గోల్కొండ కాలంలో మా సాహెబాగా పేరున్న హయాత్ బక్షీ బేగం పేరిట చెరువు ఉన్న చోటు మాసబ్ ట్యాంక్. చెరువు పూడిపోయి పార్కు వచ్చినా, వాన కురిస్తే నీళ్లు ఆ పల్లాన్ని మరిచిపోవు. 2000 ఆగస్టు 24న నగరంలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. అలాంటి రోజున సైకిల్ ఎక్కమని ఎవరూ చెప్పరు గానీ, మామూలు జూలై జల్లుకే చాలా బ్యాగులు చేతులెత్తేస్తాయి.

బ్యాగు మీద 600 డి అనో 1000 డి అనో రాసి ఉంటుంది. డి అంటే డెనియర్, 9000 మీటర్ల నూలు తూగే గ్రాములు. అది గుడ్డ మందం, మన్నిక చెబుతుంది, నీటి సంగతి చెప్పదు. నీటిని ఆపేది లోపలి పూత. ఆ పూత బాగున్నా నీళ్లు జిప్పులోంచీ, కుట్టుకి పడిన సూది రంధ్రాల్లోంచీ వస్తాయి. జర్మనీకి చెందిన హార్ట్‌ముట్ ఓర్ట్‌లీబ్ ఇంగ్లండ్ సైకిల్ యాత్రలో వానకు తడిసి, పక్కనుంచి పోతున్న లారీల టార్పాలిన్ చూసి, ఆ గుడ్డతోనే సైకిల్ సంచులు కుట్టాడు. 1982లో కంపెనీ పెట్టాడు. తర్వాత కుట్టుకి బదులు అంచుల్ని వేడితో అతికించడం, జిప్పుకి బదులు మూతిని చుట్టి బిగించడం వచ్చాయి. మనకూ టార్పాలిన్, రెగ్జిన్ దొరకనివేమీ కావు. సీట్ల కవర్లు కుట్టే దుకాణంలో కొలతలిస్తే జంట సంచులు కుట్టిస్తారు. కుట్లు తడుస్తాయి కాబట్టి లోపల మందపాటి ప్లాస్టిక్ కవరు వేసుకోండి, పని జరుగుతుంది. ఒక జాగ్రత్త: పాలీయురిథేన్ పూత తేమకు విరిగిపోతుంది. తడి బ్యాగుని మడిచి అలమరలో పడేస్తే కొన్నాళ్లకు లోపలంతా జిగటగా పొట్టు రాలుతుంది. ఆరబెట్టాకే మడవండి.

కొనేముందు సైకిల్ని చూసుకోండి. పాత హీరో, అట్లాస్ సైకిళ్లకు క్యారియర్ ఉంటుంది. కొత్త గేర్ సైకిళ్లలో కొన్నిటికి దాన్ని బిగించే రంధ్రాలు కూడా ఉండవు. చాలా క్యారియర్ల పరిమితి 25 కిలోలు, సీటు గొట్టానికి మాత్రమే పట్టే రకం అందులో సగం కూడా మోయదు. సంచికి పైన రెండు కొక్కేలతో పాటు కింద ఒక పట్టు ఉండాలి, లేకపోతే స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎగురుతుంది, మలుపులో చువ్వల వైపు వాలుతుంది. షాపులోనే తగిలించి పెడల్ వెనక్కి తిప్పి మడమ తగులుతుందేమో చూడండి. తర్వాత కాస్త బరువు వేసి, వెనక చక్రాన్ని జానెడెత్తు లేపి వదలండి. సంచి గలగలమందంటే తీసుకోవద్దు.

ఒక్క సంచికే డబ్బులుంటే ఎడమ పక్కనే తగిలించండి. మన రోడ్ల మీద బస్సులు, ఆటోలు దూసుకెళ్లేది కుడి పక్కనుంచి.