దీపాలు వెలిగాయి, బండి కదలలేదు

గత వసంతంలో మేము బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో స్థిరపడిన మా అమ్మాయి ఇంట్లో నెల రోజులు ఉన్నాము. అంతకు ముందు సంవత్సరమే మా అల్లుడు ఒక పాత మోటార్‌హోమ్ కొన్నాడు. మోటార్‌హోమ్ అంటే చక్రాల మీది ఇల్లు. ముందు భాగంలో డ్రైవరు సీటు, వెనుక పడకలు, చిన్న వంటగది, స్నానపు గది, నీళ్ల ట్యాంకు ఉంటాయి. హలాల్ భోజనం కోసం ఊరూరా వెదకవలసిన పని లేకుండా కుటుంబమంతా కలిసి ప్రయాణించే సౌకర్యం అందులో ఉంది.

మా తిరుగు ప్రయాణానికి నాలుగు రోజుల ముందు అందరమూ వేల్స్‌లోని స్నోడోనియా కొండలకు వెళ్లాము. అక్కడ మూడు రాత్రులు గడిపాము. నాల్గవ రోజు ఉదయం బయలుదేరి సాయంత్రానికి ఇల్లు చేరాలి. మరునాడే మా విమానం.

ఆ ఉదయం ఫజర్ వేళకు లేచి దీపం వేస్తే వెలిగింది. వుజూ కోసం కుళాయి తిప్పితే పంపు పనిచేసి నీళ్లు వచ్చాయి. అంతా సవ్యంగానే ఉన్నదనుకున్నాము. సామాను సర్దుకున్న తరువాత అల్లుడు తాళం తిప్పాడు. ‘టిక్ టిక్’ మన్న శబ్దం తప్ప ఇంజిన్ తిరగలేదు. మళ్లీ మళ్లీ ప్రయత్నించాడు. చివరికి ఆ శబ్దం కూడా ఆగిపోయింది.

కోపం ముందు, కారణం తరువాత

ముందు రోజు సాయంత్రం మా పదేళ్ల మనవడు డ్రైవరు పక్క సీట్లో కూర్చుని గంటసేపు రేడియో విన్నాడు. అది గుర్తుకు రాగానే అల్లుడు బిడ్డను గట్టిగా మందలించాడు. “నానా జాన్ విమానం తప్పిపోతే ఆ పాపం నీదే” అన్నాడు. పిల్లవాడు ఏడుస్తూ పడక మీద ముఖం దాచుకున్నాడు. మా అమ్మాయి ఏదో చెప్పబోయి ఊరుకుంది. మేమూ ఊరుకున్నాము. పిల్లవాడిదే తప్పని మేము కూడా నమ్మాము మరి.

మాకు అర్థం కానిది ఒక్కటే. బ్యాటరీ దిగిపోతే దీపాలెలా వెలుగుతున్నాయి? పంపు ఎలా తిరుగుతున్నది?

పక్క బండిలోని వృద్ధుడొకరు మా అవస్థ చూసి చేతిలో ఒక చిన్న మీటరుతో వచ్చారు. ఆయన వివరించగా తెలిసింది: మోటార్‌హోమ్‌లో ఉండేది ఒక బ్యాటరీ కాదు, రెండు. ఒకటి ఇంజిన్‌ను లేపే స్టార్టర్ బ్యాటరీ. రెండవది ఇంటి అవసరాలు తీర్చేది. మన ఇళ్లలో కరెంటు పోయినప్పుడు ఫ్యాను తిప్పే ఇన్వర్టర్ బ్యాటరీ వంటిదే ఈ రెండవది. దానిలోని పలకలు మందంగా ఉండి, కొద్ది కొద్దిగా గంటల తరబడి విద్యుత్తునిస్తాయి. స్టార్టర్ బ్యాటరీలో పలుచని పలకలు ఎక్కువగా ఉంటాయి. అది కొన్ని సెకన్ల పాటు వందల ఆంపియర్ల విద్యుత్తును ఒక్కసారిగా ఇచ్చి తన పని ముగిస్తుంది. రెండింటి దారులూ వేరు. అందుచేత ఇల్లు వెలుగుతున్నంత మాత్రాన బండి కదులుతుందని అనుకోరాదు.

మీటరు చెప్పిన నిజం

ఆ బండిలో ఇంజిన్ మూత ఎత్తితే బ్యాటరీ కనిపించదు. డ్రైవరు పక్కన కూర్చునే వారి కాళ్ల కింద, నేలలోని మూత తీస్తే కనిపిస్తుంది. ఆ మూతను కొన్ననాటి నుండి ఎవరూ తీయలేదు. మీటరు పెడితే 11.6 వోల్టులు చూపింది. విశ్రాంతిగా ఉన్న మంచి బ్యాటరీ 12.6 లేదా 12.7 చూపాలి. 12.2కు దిగితే సగం ఖాళీ అయినట్టు. 12 కన్న తక్కువైతే దాదాపు ఖాళీ అయినట్టే.

“శీతకాలమంతా బండి ఎక్కడున్నది?” అని ఆయన అడిగారు. నవంబరు నుండి ఇంటి ముందే, కరెంటు తీగ తగిలించి ఉంచామని అల్లుడు జవాబిచ్చాడు. కిటుకు అక్కడే ఉంది. చాలా మోటార్‌హోమ్‌లలో బయటి కరెంటు ఇంటి బ్యాటరీని మాత్రమే నింపుతుంది. కప్పు మీది సోలార్ పలక కూడా ప్రత్యేకంగా ఏర్పాటు చేస్తే తప్ప అంతే. ఈలోగా దొంగల అలారం, ఇంజిన్ కంప్యూటర్ వంటివి స్టార్టర్ బ్యాటరీని రాత్రింబగళ్లు కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటాయి. అవన్నీ కలిపి ఒక ఆంపియరులో ఇరవయ్యవ వంతు తీసుకుంటాయనుకుందాం. రోజుకు 1.2 ఏహెచ్ అవుతుంది. 95 ఏహెచ్ బ్యాటరీ సగం ఖాళీ కావడానికి 40 రోజులు చాలు. మా అల్లుడి బండి నాలుగు నెలలకు పైగా కదలలేదు.

అలా ఖాళీగా పడి ఉన్న బ్యాటరీలో పలకల మీద గట్టి పొర పేరుకుంటుంది. ఆ తరువాత ఎంత ఛార్జి చేసినా నిలవదు. బర్మింగ్‌హామ్‌లో బయలుదేరే రోజే సెల్ఫ్ నీరసంగా తిరిగిందని అల్లుడు అప్పుడు జ్ఞాపకం చేసుకున్నాడు. బ్యాటరీ మీది ముద్ర చూస్తే అది ఏడేళ్ల నాటిది. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీకి గంటసేపు రేడియో ఒక లెక్క కాదు. నెలల తరబడి జరిగిన నిర్లక్ష్యానికి నింద మాత్రం చివరి గంటలో రేడియో విన్న పిల్లవాడి మీద పడింది.

బండిని లేపిన విధం

ఆయన తన కారును దగ్గరకు తెచ్చి, ఒకదానికొకటి తగలకుండా నిలిపి, ఇంజిన్ ఆపారు. జంపర్ తీగలు కలిపే వరుస ముఖ్యం. ముందుగా ఎర్ర తీగ ఒక కొసను దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, రెండవ కొసను మంచి బ్యాటరీ ప్లస్‌కు తగిలించాలి. తరువాత నల్ల తీగ ఒక కొసను మంచి బ్యాటరీ మైనస్‌కు తగిలించాలి. దాని రెండవ కొసను దిగిపోయిన బ్యాటరీకి కాక, దానికి దూరంగా ఆ బండి ఇంజిన్ మీది రంగులేని లోహానికి పట్టించాలి. అల్లుడు దానిని బ్యాటరీకే పెట్టబోతే ఆయన చేయి పట్టుకుని ఆపారు. బ్యాటరీ నుండి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. చివరి కొస తగిలించేటప్పుడు నిప్పురవ్వ లేస్తే అది పేలవచ్చు. బ్యాటరీ లోపల ఉండేది సల్ఫ్యూరిక్ ఆమ్లం. కళ్లలో పడితే చూపే పోవచ్చు.

ఐదు నిమిషాలు ఆయన కారు ఇంజిన్ నడిచిన తరువాత అల్లుడు తాళం తిప్పాడు. బండి లేచింది. తీగలను తగిలించిన వరుసకు తలక్రిందుగా విప్పారు. ఇల్లు చేరేదాకా ఇంజిన్ ఆపవద్దని, కాసేపు నిలిపి నడిపినంత మాత్రాన బ్యాటరీ నిండదని ఆయన హెచ్చరించారు. మూడు గంటలకు పైగా ఎక్కడా ఆపకుండా వచ్చాము. మరునాడు అల్లుడు మమ్మల్ని విమానం ఎక్కించి, కొత్త బ్యాటరీ కొని, సీసంతో నిండిన పాతదానిని ఆ దుకాణంలోనే అప్పగించాడు.

బయలుదేరే ముందు అల్లుడు చేసిన మరొక పని గురించి కూడా చెప్పాలి. కొడుకు పక్కన కూర్చుని, “బేటా, తప్పు నాది. నన్ను మాఫ్ చేయి” అన్నాడు. తండ్రి కొడుకును క్షమాపణ అడిగితే చిన్నతనమవుతుందని మనలో కొందరి భావన. మా కళ్ల ముందు మాత్రం ఆ తండ్రి గౌరవం పెరిగింది. ఆ ఉదయం పెద్దవారమై ఉండి నోరు మెదపనందుకు మేమూ మనవడిని దగ్గరకు తీసుకున్నాము.

మనకు కూడా

మన దగ్గర మోటార్‌హోమ్‌లు అరుదు కావచ్చు, నిలిచిపోయిన వాహనాలు అరుదు కాదు. మా మదర్సా వ్యాను రమజాన్ సెలవులలో కదలకుండా ఉండి, తెరిచిన రోజున తోయించుకోవడం ఏటా మామూలే. నెలల తరబడి బండి ఆపవలసి వస్తే బ్యాటరీ మైనస్ తీగ విప్పి ఉంచండి. లేదా నెలకొకసారి ఛార్జర్‌తో పూర్తిగా నింపండి. బ్యాటరీ వయసు నాలుగైదేళ్లు దాటితే పరీక్ష చేయించండి. సెల్ఫ్ నీరసిస్తే దానిని తొలి హెచ్చరికగా భావించండి.

ఇప్పుడు ఆ ఇంట్లో ఒక చిన్న మీటరు, ఒక నోటుపుస్తకం ఉన్నాయి. నెలకొకసారి కొలిచి రాసే బాధ్యత మనవడిది. పోయిన నెల ఫోనులో ఉత్సాహంగా చెప్పాడు: “నానా జాన్, 12.7!”