ట్రాక్టరు గేరుబాక్సు ఆయిల్: కొంత తీయాలా, పూర్తిగా తీయాలా?

గుంటూరు మిర్చి యార్డుకు సాధారణంగా మే నెలలో వేసవి సెలవులు ప్రకటిస్తారు. అంతవరకు బస్తాలు మోసిన ట్రాక్టర్లు ఆ కొద్ది వారాలు చెట్ల కింద నిలుస్తాయి. తొలకరి పడితే పత్తికి దుక్కులు, తరువాత మిరప తోటలకు నేల తయారీ, కాలువ నీరు వదలగానే మాగాణిలో దమ్ము ఒకదాని వెంట ఒకటి వచ్చిపడతాయి. గేరుబాక్సు ఆయిల్ మార్చడానికి ఇంతకంటె అనువైన వ్యవధి రైతుకు దొరకదు. అయినా చాలామంది ఇంజను ఆయిల్ మార్చి, గేరుబాక్సులో కొరతను మాత్రం నింపి ఊరుకుంటారు. ఇది నిర్లక్ష్యమే అనుకోవడం పొరపాటు. ఇంజనుకు సాధారణంగా 10 లీటర్ల లోపు సరిపోతుంది. గేరుబాక్సుకు మోడల్‌ను బట్టి 25 నుంచి 60 లీటర్ల వరకు పట్టవచ్చు.

ఆ ఆయిల్ పని గేర్లను తడపడంతో ముగియదు. అనేక మోడళ్లలో గేరుబాక్సు, డిఫరెన్షియల్, హైడ్రాలిక్ లిఫ్ట్ ఒకే ఆయిల్‌ను పంచుకుంటాయి. ఆయిల్‌లో మునిగి పనిచేసే బ్రేకులు వచ్చాక వాటి పట్టు కూడా దానిపైనే ఆధారపడింది. అందువల్ల ఒకచోట చేరిన నీరు, మట్టి అన్ని భాగాలకూ ప్రయాణిస్తాయి.

అనేక మాన్యువళ్లు 1000 గంటలకు ఒకసారి మార్చమంటాయి. అయితే అవర్ మీటరుకు బురద లోతు తెలియదు. తారురోడ్డుపై ట్రైలరు లాగిన 500 గంటలు, కేజ్ వీల్స్‌తో ఇరుసు మునిగేలా దమ్ము చేసిన 500 గంటలు మీటరులో ఒకే అంకె. అరిగిన సీళ్ల గుండా, గాలి రంధ్రం గుండా, కాలువలో దింపి కడిగినప్పుడు నీరు లోపలికి చేరుతుంది. ఆయిల్ మజ్జిగ రంగుకు తిరిగితే సందేహం అక్కరలేదు. రంగు మారకపోయినా నీరు ఉండవచ్చు. ఆరుబయట, ముఖం దూరంగా ఉంచి, వేడి పెనంపై ఒకే ఒక్క చుక్క వేసినప్పుడు చిటపటలాడితే నీరున్నట్లే. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి మెత్తని నల్లటి ముద్ద అంటుకోవడం మామూలే. గోరుకు తగిలే ఉక్కు పెచ్చులు కనిపిస్తే మాత్రం ఆయిల్ మార్పుతో సరిపెట్టరాదు, గేర్లను పరీక్షించాలి.

ఇక అసలు ప్రశ్న. ఖర్చుకు వెరచి సగం తీసి సగం పోసే పద్ధతి గ్రామాల్లో ఉంది. 40 లీటర్లు పట్టే ట్రాక్టరులో 20 లీటర్లు మారిస్తే సగం పాతదే మిగులుతుంది. కొన్నాళ్లకు మళ్లీ అంతే మారిస్తే పాతది నాలుగో వంతుకు దిగుతుంది. అప్పటికి కొన్న కొత్త ఆయిల్ 40 లీటర్లు. పూర్తి మార్పుకు పట్టేదీ అంతే. ఆటోమేటిక్ గేర్ల కార్లలో విడతల పద్ధతికి ఒక కారణం ఉంది. అడుగున ప్లగ్ విప్పినా ఆయిల్‌లో పెద్ద భాగం టార్క్ కన్వర్టరులో, కూలర్ గొట్టాలలో నిలిచిపోతుంది. కనుక విడతలుగా గాని, యంత్రంతో గాని మారుస్తారు. ఈ మైదానాల్లో తిరిగే మామూలు ట్రాక్టరుకు టార్క్ కన్వర్టరు లేదు, కాబట్టి ఆ సాకూ లేదు. లీకు వల్ల మట్టం తగ్గి, ఉన్న ఆయిల్ శుభ్రంగా ఉంటే, లీకును సరిచేసి అదే రకం ఆయిల్ నింపడం సబబే. నీరు చేరిన ఆయిల్‌కు మాత్రం పూర్తి మార్పు తప్ప మార్గం లేదు.

పూర్తిగా తీయడమంటే ఒక్క ప్లగ్ విప్పడం కాదు. కొంతసేపు నడిపి, ఆయిల్ గోరువెచ్చగా ఉండగా, చదునైన నేలపై నిలిపి లిఫ్ట్ చేతులను పూర్తిగా దించాలి. లేకపోతే లిఫ్ట్ సిలిండరులోని పాత ఆయిల్ అక్కడే ఉండిపోతుంది. వెనుక ఇరుసు తొడుగులకు విడి ప్లగ్‌లు ఉంటే వాటినీ విప్పాలి. జాలీని కడిగి ఆరబెట్టాలి, ఫిల్టరును మార్చాలి. లోపల డీజిల్ పోసి తిప్పి కడిగే అలవాటును విస్తరణ సిబ్బంది గట్టిగా వారించాలి. మూలల్లో మిగిలిన డీజిల్ కొత్త ఆయిల్‌ను పలుచన చేస్తుంది.

దుకాణంలో దొరికిన 90 నంబరు గేరు ఆయిల్‌ను అన్నిటికీ పోయడం మరో చిక్కు. పొడి బ్రేకుల పాత మోడళ్లలో కొన్నిటికి అది తగినదే. ఆయిల్‌లో మునిగే బ్రేకులున్న వాటికి, వాటికోసమే తయారైన ట్రాక్టరు ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కావాలి. లేనిపక్షంలో బ్రేకు వేసినప్పుడు అదురు, మోత పుడతాయి, పట్టు తగ్గుతుంది. నిండు లోడు ట్రైలరుతో వెళ్లేవారికి ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం. మాన్యువల్ పోయినచోట మధ్యప్రదేశ్‌లోని బుద్ని కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ నివేదికలలో మోడల్ వారీగా ఆయిల్ పరిమాణం, మార్చే వ్యవధి వెతకవచ్చు.

వాడిన ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల పరిధిలోకి వస్తుంది. చెదలకని కంచె గుంజల మొదట్లో పోయడం, కాలువ గట్టున ఒంపడం మానిపించాలి. ఊళ్లోని ట్రాక్టర్లన్నీ మే నెలలోనే మార్పు చేసుకుంటే, తీసిన ఆయిల్‌ను మూత ఉన్న డ్రమ్ములలో ఒకచోట చేర్చి, అనుమతి ఉన్న సేకరణదారుకు ఒకే విడతలో అప్పగించవచ్చు.