కన్సల్టింగ్ ఉద్యోగం, ఇంటి రోస్టర్

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్‌లో ఉన్న ఆడవాళ్ళకి మాత్రం రెండూ ఒకేరోజు గెలవాల్సి వస్తుంది. ఈ సింగపూర్‌లో మన అమ్మాయిలు ఈ వృత్తిలోకి వస్తున్నారు కాబట్టి, అసలు ఇబ్బంది ఎక్కడుందో ఒకసారి విడమరిచి చూద్దాం.

ఒక కంపెనీకి వచ్చిన చిక్కుని కొద్ది నెలల్లో అధ్యయనం చేసి దారి చెప్పడం కన్సల్టెంట్ పని. క్లయింటు ఎక్కడుంటే పని అక్కడే. సింగపూర్ చిన్నది, క్లయింట్లేమో జకార్తాలోనో, మనీలాలోనో ఉంటారు. సోమవారం తెల్లవారుజామున చాంగీలో విమానం ఎక్కితే గురువారం రాత్రికి ఇల్లు చేరడం ఈ వృత్తిలో మామూలే. పైగా పెద్ద సంస్థల్లో కొన్నేళ్ళకోసారి పైమెట్టు ఎక్కాలి, లేకపోతే బయటికి దారి చూసుకోవాలి. ఆ మెట్లెక్కే వయసూ, పిల్లల్ని కని పెంచే వయసూ ఒకటే.

గంటలు ఎక్కువ కావడమే సమస్య అనుకుంటాం. అంతకన్నా పెద్ద సమస్య, ఆ గంటలు ఎప్పుడు మీదపడతాయో తెలియకపోవడం. హార్వర్డ్ ప్రొఫెసర్ లెస్లీ పెర్లో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపులో ఒక ప్రయోగం చేసి, 2009లో ఫలితాలు ప్రచురించారు. టీములో ప్రతివాళ్ళూ వారానికి ఒక సాయంత్రం, ముందే అనుకున్న రోజున, ఆరు దాటాక పని ముట్టుకోకూడదు. ఈమెయిల్ కూడా చూడకూడదు. మొదట అందరూ జంకారు. కానీ ఒకరు లేనప్పుడు ఇంకొకరు అందుకోవాలంటే పని గురించి ముందే మాట్లాడుకోవాలి కదా! దాంతో ఉద్యోగంలో తృప్తితో పాటు పని నాణ్యత కూడా పెరిగింది.

అయితే ఆ సాయంత్రం టీము మొత్తానికి ఉండాలి. ఎరిన్ రీడ్ అనే పరిశోధకురాలు ఒక అమెరికన్ కన్సల్టింగ్ సంస్థని పరిశీలించి 2015లో రాసిన విషయం ఇది: కొందరు మగవాళ్ళు దగ్గర్లోని క్లయింట్లని చూసుకుని చడీచప్పుడు లేకుండా పని తగ్గించుకున్నారు, వాళ్ళకి మంచి పేరే వచ్చింది. బాహాటంగా వెసులుబాటు అడిగినవాళ్ళు, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్ళు, వెనకబడిపోయారు.

సింగపూర్‌లో 2024 డిసెంబరు 1 నుంచి వచ్చిన మార్గదర్శకాల ప్రకారం, పనివేళల్లో మార్పు కోరుతూ రాతపూర్వకంగా అడిగితే యజమాని రెండు నెలల్లోగా జవాబివ్వాలి. కాదంటే కారణం చెప్పాలి. అంతేగానీ ఒప్పుకుని తీరాలని లేదు. బిడ్డ సింగపూర్ పౌరసత్వం ఉన్నదైతే తల్లికి 16 వారాల సెలవు, 2025 ఏప్రిల్ నుంచి తండ్రికి 4 వారాలు. ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీదున్న మన కుటుంబాల్లో తల్లికి మామూలుగా 12 వారాలే, తండ్రికి ఆ 4 వారాల హక్కు వర్తించదు. అమ్మానాన్నల్ని దీర్ఘకాలం తెచ్చిపెట్టుకోవాలంటే నెలజీతం కనీసం 12,000 డాలర్లు ఉండాలి.

ఇక 'ఉద్యోగం మానేసి, పిల్లలు పెద్దయ్యాక చూసుకుందాంలే' అనడం కూడా మునుపటంత తేలిక కాదు. 2021 మే నుంచి డిపెండెంట్ పాస్ మీదున్న భార్య ఉద్యోగంలో చేరాలంటే తన పేరున సొంత వర్క్ పాస్ తెచ్చుకోవాలి. నాలుగేళ్ళ విరామం తర్వాత అది ఎంత కష్టమో ఆలోచించండి.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక అలవాటుంది. అర్ధరాత్రి సర్వర్ ఆగిపోతే ఎవరు లేవాలో రోస్టర్‌లో ముందే రాసి ఉంటుంది, ఆ మనిషికి ఒక బ్యాకప్ కూడా ఉంటారు. ఒక్క మనిషి మీద నడిచే వ్యవస్థని మేము మంచి డిజైన్ అనం. అదే ఇంట్లో అయితే 'ఆవిడ అన్నీ ఒంటిచేత్తో చక్కబెడుతుందండీ' అని మెచ్చుకుంటాం! హెల్పర్ వంట చేసిపెడుతుంది, నిజమే. కానీ బాబుకి జ్వరమని స్కూలునుంచి ఫోనొస్తే అది ఎవరికి మోగుతుంది? మనీలాలో మీటింగులో ఉన్న తల్లికేనా?

1980లో ఇదే బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపులో చేరి, తర్వాత పెప్సీకోకి అధిపతి అయిన ఇంద్రా నూయి, 2021లో వచ్చిన తన ఆత్మకథలో కుటుంబ సంరక్షణ తల్లి ఒక్కదాని బాధ్యత కాదని, సమాజమంతా ఆలోచించాల్సిన విషయమని వాదించారు. సమాజం మారేలోపు మనింట్లో చేయగలిగిందొకటుంది. ఆదివారం సాయంత్రం భార్యాభర్తలిద్దరూ వచ్చే వారం క్యాలెండర్లు ముందేసుకుని, ఏ రోజు స్కూలు ఫోను ఎవరిదో పేరు రాసుకోండి. బ్యాకప్ పేరు కూడా రాయండి. స్కూలు ఫారంలో మొదటి నంబరు నాన్నదైతే తప్పేముంది?