ఇంధన పేదరికం: కనెక్షన్ల లెక్క వేరు, వినియోగం లెక్క వేరు

గృహావసరాలకు కావలసిన విద్యుత్తును, పరిశుభ్రమైన వంట ఇంధనాన్ని సరిపడినంతగా, అంతరాయం లేకుండా, భరించగలిగిన ధరకు పొందలేని స్థితిని ఇంధన పేదరికంగా వ్యవహరిస్తున్నారు. ఈ స్థితిలో ఎన్ని కుటుంబాలున్నాయన్న ప్రశ్నకు సమాధానం నిర్వచనాన్ని బట్టి మారుతుంది. ఒక కొలమానం ప్రకారం సమస్య తీరిపోయిన గ్రామమే మరొక కొలమానం ప్రకారం సహాయానికి అర్హమవుతుంది. నిధుల కేటాయింపు ఆ లెక్కలను అనుసరించే జరుగుతుంది కనుక ఇది గణాంక నిపుణులకు మాత్రమే పరిమితమైన అంశం కాదు.

గ్రామీణ విద్యుదీకరణ చరిత్రే ఇందుకు నిదర్శనం. 1997 అక్టోబరు వరకు దేశంలో అమలులో ఉన్న నిర్వచనం ప్రకారం, గ్రామ రెవెన్యూ పరిధిలో ఏ ప్రయోజనానికి విద్యుత్తు వాడినా ఆ గ్రామం విద్యుదీకరణ పొందినట్లే. పొలంలో ఒక్క పంపుసెట్టు నడిస్తే చాలు, ఊరిలో ఒక్క ఇంట దీపం వెలగకపోయినా ఆ గ్రామం జాబితాలో చేరేది. 1997లో ఆ వాడకం జనావాస ప్రాంతంలో ఉండాలన్న షరతు విధించారు. 2004-05 నుంచి నిబంధన మరింత కట్టుదిట్టమైంది. ఊరిలోనూ, దళితవాడలోనూ ట్రాన్స్‌ఫార్మర్, లైన్లు ఉండాలి. పాఠశాల, పంచాయతీ కార్యాలయం, ఆరోగ్య కేంద్రం వంటి చోట్లకు విద్యుత్తు అందాలి. కనీసం 10 శాతం ఇళ్ళకు కనెక్షన్లు ఉండాలి. మిగిలిన 90 శాతం ఇళ్ళ ప్రస్తావన ఈ నిర్వచనంలోనూ లేదు.

దేశంలోని గ్రామాలన్నింటికీ విద్యుత్తు చేరినట్లు 2018 ఏప్రిల్ 28న ప్రకటించిన నాటికి, ఇళ్ళకు కనెక్షన్లు ఇచ్చేందుకు 2017 సెప్టెంబరులో ప్రారంభించిన సౌభాగ్య పథకం ఇంకా కొనసాగుతూనే ఉంది. ఇందులో వైరుధ్యం లేదు. ఒకటి గ్రామాలను లెక్కించింది, రెండవది ఇళ్ళను.

2001 జనాభా లెక్కల ప్రకారం 55.8 శాతం, 2011 లెక్కల ప్రకారం 67.2 శాతం కుటుంబాలు దీపాలకు ప్రధానంగా విద్యుత్తును వాడాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 96.8 శాతం జనాభా విద్యుత్ సౌకర్యం ఉన్న ఇళ్ళలో నివసిస్తోంది. తీగ ఇంటికి చేరిన తరువాత కరెంటు ఎన్ని గంటలు ఉంటుంది, వోల్టేజి సరిపోతుందా అన్న ప్రశ్నలకు ఈ అంకెలలో జవాబు దొరకదు. ఈ లోపాన్ని సవరించేందుకు ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో 2015లో వెలువడిన బహుళ అంచెల విధానం కుటుంబాలను 0 నుంచి 5 వరకు అంచెలుగా విభజిస్తుంది. మొదటి అంచెకు రోజుకు కనీసం 4 గంటలు, అయిదవ అంచెకు 23 గంటలు సరఫరా ఉండాలి. సాయంకాలపు సరఫరాను విడిగా లెక్కిస్తారు. పిల్లలు చదువుకొనే వేళ కరెంటు పోయే ఇల్లు పగలంతా సరఫరా ఉన్నా పై అంచెకు చేరదు.

ఖర్చు ఆధారంగా కొలిచే పద్ధతి బ్రిటన్‌లో పుట్టింది. ఆదాయంలో 10 శాతానికి మించి ఇంధనానికి వెచ్చించవలసి వచ్చే కుటుంబాన్ని పేద కుటుంబంగా పరిగణించాలని బ్రెండా బోర్డ్‌మన్ 1991లో ప్రతిపాదించారు. చలి దేశంలో ఇంటిని వెచ్చగా ఉంచుకోవడానికి అయ్యే వ్యయం దీనికి ప్రాతిపదిక. మన పల్లెలకు దీనిని యథాతథంగా వర్తింపజేస్తే ఫలితం తారుమారవుతుంది. అడవి నుంచి కట్టెలు మోసుకువచ్చే మహిళ నగదు ఖర్చు దాదాపు శూన్యం. ఆమె వెచ్చించే గంటలు, పీల్చే పొగ ఆ లెక్కలోకి రావు. అత్యంత పేద కుటుంబమే ఇంధన పేదరికం లేనిదిగా తేలుతుంది.

వంట ఇంధనం విషయంలో అంతరం మరింత స్పష్టం. అదే సర్వే ప్రకారం పరిశుభ్ర ఇంధనంతో వండుకొనే కుటుంబాలు దేశంలో 58.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం, తెలంగాణలో 91.8 శాతం. అయితే సర్వే అడిగేది ప్రధాన ఇంధనం గురించే. గ్యాస్ పొయ్యి పక్కనే కట్టెల పొయ్యి కూడా వెలిగే ఇల్లు ఇందులో కనిపించదు. ఉజ్జ్వల లబ్ధిదారులు సగటున 2019-20లో 3.01, 2023-24లో 3.95 రీఫిల్ సిలిండర్లు తీసుకున్నట్లు కేంద్ర ప్రభుత్వం వెల్లడించింది. 14.2 కిలోల సిలిండర్ చొప్పున లెక్కిస్తే 2023-24 సగటు సైతం రోజుకు సుమారు 150 గ్రాములే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో డ్వాక్రా మహిళల కోసం ప్రారంభించిన దీపం పథకంలో డిపాజిట్ భారాన్ని ప్రభుత్వం వహించింది. రీఫిల్ ధర మాత్రం లబ్ధిదారులదే. 2024లో వచ్చిన పథకాలు ఈ రెండవ భారంపై దృష్టి సారించాయి. ఆంధ్రప్రదేశ్‌లో దీపం-2 కింద ఏటా 3 సిలిండర్లు ఉచితం కాగా, తెలంగాణలో మహాలక్ష్మి కింద అర్హులకు రూ.500కే సిలిండర్ నిర్ణయించారు. వీటి ఫలితాన్ని కనెక్షన్ల సంఖ్య చూపలేదు. రెండు రీఫిల్ బుకింగుల నడుమ గడచిన రోజులు చూపగలవు. ఆ వివరం డీలర్ల రికార్డులలో ఇప్పటికే నమోదవుతోంది.