బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కడి నుంచి వస్తుంది?

అమెరికాలో తాగునీటిలోని పీఫాస్ (కార్బన్, ఫ్లోరిన్ కలిపి మనిషి తయారుచేసిన, ప్రకృతిలో అంత తేలిగ్గా నశించని రసాయనాలు) గురించి ఈమధ్య తరచూ వింటున్నాం. 2024 ఏప్రిల్‌లో ఆ దేశ పర్యావరణ సంస్థ వాటిలో ముఖ్యమైన రెండింటికి ఒక హద్దు పెట్టింది. లక్ష కోట్ల పాళ్ల నీటిలో ఒక్కొక్కటి 4 పాళ్లు మించకూడదు. అవి ఫ్యాక్టరీల నుంచి, వాటి సరుకుల నుంచి నీళ్లలోకి చేరాయి.

తెలంగాణలోని కల్వకుర్తి వైపు బోర్లలోనూ ఫ్లోరినే సమస్య. కానీ దీన్ని ఎవరూ తెచ్చి కలపలేదు. కాళ్ల కింది రాయిలోనే ఉంది.

ఈ నేల కింద గ్రానైటు ఉంది. అందులోని నల్ల అభ్రకం వంటి ఖనిజాల్లో ఫ్లోరైడ్ (ఫ్లోరిన్ లవణ రూపం) ఉంటుంది. వాన నీరు పగుళ్ల గుండా దిగి ఏళ్ల తరబడి ఆ రాతిని తడుపుతుంది. నీళ్లలో కాల్షియం ఎక్కువగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు చేరుస్తుంది. ఎండలు ఎక్కువ, వానలు తక్కువ ఉన్న చోట ఆ కాల్షియం ముందే సున్నపురాయిగా మారి మట్టిలో మిగిలిపోతుంది. ఇక ఫ్లోరైడ్‌ను ఆపేదేమీ ఉండదు. అందుకే నాలుకను నమ్మలేం. పప్పు బాగా ఉడికి, సబ్బు బాగా నురగ ఇచ్చే నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ ఉండొచ్చు. రంగు, రుచి, వాసన ఏదీ దాన్ని పట్టివ్వదు.

భారత ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు.

దాటితే ఏమవుతుంది? మొదట పళ్లు. శాశ్వత పళ్లు చిగుళ్ల లోపల తయారవుతున్నప్పుడే ఫ్లోరైడ్ వాటి పింగాణీ పొరను చెడగొడుతుంది. దాదాపు ఎనిమిదేళ్లు దాటాక కొత్తగా గార మచ్చలు పడవు, పడినవి పోవు. పెద్దయ్యాక ఈ ఊళ్లకు వచ్చినవాళ్ల పళ్లు తెల్లగా ఉన్నాయి కదా అని నీళ్లు మంచివనుకోవడం పొరపాటు. వాళ్ల ఎముకల్లో ఫ్లోరైడ్ చేరుతూనే ఉంటుంది. ఏళ్లు గడిచాక కీళ్లు, వెన్ను బిగుసుకుంటాయి. గడ్డం ఛాతీకి ఆనించలేకపోవడం, కింద పడిన రూపాయి బిళ్లను వంగి తీసుకోలేకపోవడం ఊళ్లలో వైద్యులు చూసే గుర్తులు. అప్పటికి వెనక్కి తిప్పే మందు లేదు.

మన దేశంలో ఈ జబ్బును 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. నల్లగొండ పేరు దీనితో ఎంతగా ముడిపడిందంటే, పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ ఆ జిల్లా పేరే పెట్టింది. పద్ధతి మంచిదే. కానీ మోతాదు సరిగ్గా వేయాలి, అడుగున మిగిలే మడ్డిని రోజూ తీసేయాలి. ఊళ్లలో నిలవకపోవడానికి అదీ ఒక కారణం.

నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరూ ఆపలేదు. ఆర్‌ఓ యంత్రం తీసేస్తుంది, కానీ అది బయటికి వదిలే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ. ఆ నీళ్లను ప్లాంటు పక్కనే ఇంకిస్తే ఆ ఫ్లోరైడ్ మళ్లీ నేలలోకే పోతుంది.

అన్నిటికన్నా గట్టి దారి నది నీళ్లు. శ్రీశైలం జలాశయం నుంచి ఎల్లూరు దగ్గర ఎత్తిపోసే కృష్ణా నీళ్లు ఇక్కడ ప్రభుత్వ తాగునీటి పథకం మిషన్ భగీరథ నల్లాలకు ఆధారం. కానీ 2020 అక్టోబరులో ఎల్లూరు పంపుహౌస్ మునిగింది. పంపు ఆగినా, పైపు పగిలినా ఊరు మళ్లీ బోరు దగ్గరికే వెళ్తుంది. నల్లా నీళ్లు తాగుతూ, వంటకు బోరు నీళ్లు వాడే ఇళ్లూ ఉన్నాయి. అన్నం, పప్పు ఉడికిన నీళ్లలోని ఫ్లోరైడ్ మనం తినే అన్నంలోకే వస్తుందన్న సంగతి అక్కడ మరుగున పడుతోంది.

మీ వాడలో బోరు నడుస్తుంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో ఆ నీళ్లు పరీక్ష చేయించండి. వచ్చిన అంకెను బోరు దగ్గరే అందరికీ కనిపించేలా రాయించండి. అది 1.5 దాటితే ఆ నీళ్లు బట్టలకు, స్నానానికి చాలు. తాగడానికీ వంటకూ, ముఖ్యంగా ఎనిమిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో, నల్లా నీళ్లే పట్టి ఉంచుకోండి.