రోగి పరామర్శ పలకరింపుతో ముగియరాదు

ముస్లింపై సాటి ముస్లింకు గల హక్కులలో వ్యాధి సమయాన పరామర్శ పొందడం ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. విజయవాడ వించిపేటలోనైనా, మచిలీపట్నంలోనైనా ఎవరైనా జబ్బుపడితే మనం పండ్లు తీసుకొని వెళ్తాము, దుఆ చేస్తాము. అయితే వ్యాధి ఇక నయం కాదని వైద్యులు ఇంటికి పంపిన తర్వాత రాకపోకలు సన్నగిల్లుతాయి. రోగికి నొప్పి, ఇంటివారికి నిద్రలేని రాత్రులు మిగులుతాయి.

ఈ దశలో అందించవలసినదే ఉపశమన సేవ. 1993లో కోజికోడ్‌లో కొందరు వైద్యులు ఇందుకొక సంస్థను నెలకొల్పారు. అనంతరం మలప్పురం తదితర జిల్లాలలో సామాన్యులే శిక్షణ పొంది, చిన్న చిన్న విరాళాలతో రోగుల ఇళ్లకు వెళ్లసాగారు. 2008లో కేరళ ప్రభుత్వం దీనికై ప్రత్యేక విధానం ప్రకటించింది.

మార్ఫిన్ మత్తుమందు కదా అని కొందరు సంకోచిస్తారు. కేన్సర్ వంటి వ్యాధుల తీవ్రమైన నొప్పికి వైద్యుడు నిర్ణయించిన మోతాదులో వాడటం చికిత్సే. అనివార్య అవసరం నిషేధాన్ని సడలిస్తుందన్నది ఫిఖ్ సూత్రం. 2014 నాటి చట్టసవరణ గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు ఈ మందు లభ్యతను సులభతరం చేసింది. నొప్పి తగ్గిన రోగి సైగలతోనైనా నమాజు చేయగలడు. బాకీలు చెప్పగలడు, వసీయత్ చేయగలడు, ఆప్తులను క్షమాపణ కోరగలడు.

కనుక ప్రతి మస్జిద్ కమిటీ తన మహల్లాలో మంచాన పడినవారి వివరాలు సేకరించాలి. రెండు గంటలకోసారి పక్క మార్చడం, నోరు తడపడం, పుండ్లు శుభ్రపరచడం వంటివి నర్సుల వద్ద పురుషులూ స్త్రీలూ నేర్చుకోవాలి. అర్హులైన పేదల మందులకు జకాత్ ఉండనే ఉంది. జనాజాకు తరలివచ్చే మనం, అంతకు ముందే ఆ ఇంటి తలుపు తట్టుదాం.