గని డంపూ, గుంట లెక్కా

ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే వానకు గని దగ్గర అంతంత గుంటలెందుకు తాతా అని అడిగితివి కదా అబ్బీ. మన రాయదుర్గం పక్క వాన ఎగ్గొడితే నెలలకు నెలలు ఎగ్గొడుతుంది. వస్తే మాత్రం ఏ సెప్టెంబరులోనో ఒక్క రాత్రిలో దంచి పోతుంది. ఎండకు కాగి పిండైన నేల ఆ దెబ్బకు ఆగుతుందా? గడ్డీ గాదం లేని గని డంపు, అదే తవ్వి పోసిన మట్టి గుట్ట, దాని సంగతి ఇంక చెప్పేదేముంది!

మనకు దగ్గర్లో డి.హీరేహాళ్ మండలం ఓబుళాపురం ఉంది, ఇనుప రాయి కొండలు. కోర్టులూ కేసులూ పేపర్లలో చదివే ఉంటావు, వాటి జోలికి పోను. 2009 చివర్లో అక్కడ తవ్వకం ఆగింది. మనుషులు ఆగితే వాన ఆగుతుందా? తవ్వి పోసిన మట్టి ఆర్డర్లు చదవదు కదప్పా. సరిహద్దు అవతల బళ్లారిలో 2011లో సుప్రీంకోర్టు గనులు ఆపించింది. తర్వాత ప్రతి గనికీ ఒక పునరుద్ధరణ ప్రణాళిక ఉంటేనే మళ్లీ తెరవమంది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ పరిశోధన, విద్యా మండలి వాళ్లు ఆ ప్రణాళికలను తయారుచేశారు. వాగులకు అడ్డంగా చెక్ డ్యాములు, డంపు పాదానికి గోడలు, మట్టి దిగే గుంటలు అన్నీ వాటిలోవే.

ఇప్పుడు లెక్క చూద్దాం రా. పాతిక ఎకరాల డంపు, అంటే 10 హెక్టార్లు అనుకో. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే 50 లక్షల లీటర్లు. సగం ఇంకిందనుకుందాం. మిగిలిన పాతిక లక్షలు 5 వేల లీటర్ల ట్యాంకర్లలో నింపితే 500 ట్యాంకర్లు, ఒక్క గంటలో! సెకనుకు దగ్గర దగ్గర 700 లీటర్లు, అదీ బురద నీళ్లు.

ఆ బురదలో అన్ని రేణువులూ ఒక్క వేగంతో దిగవు. 1851లో స్టోక్స్ అనే ఆయన చెప్పిన సూత్రం ఉంది. రేణువు అడ్డుకొలత పదోవంతైతే, దిగే వేగం నూరోవంతవుతుంది. మిల్లీమీటరులో పదోవంతు ఇసుక రేణువు మీటరు లోతు రెండు నిమిషాల్లో దిగుతుంది. దానికి పదోవంతు ఒండ్రు రేణువుకు మూడు గంటలు. ఇంకా సన్నని బంకమట్టికైతే మూడు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. గుంట లోతుగా తవ్వితే మట్టి బాగా దిగుతుందనుకుంటారు. లోతు రెట్టింపు చేస్తే నీళ్లు రెట్టింపు సేపు నిలుస్తాయి, నిజమే. కానీ రేణువు పడాల్సిన దూరమూ రెట్టింపైంది కదా! చెల్లుకు చెల్లు. 1904లో హేజెన్ అనే అమెరికా ఇంజనీరు తేల్చింది ఇదే. గుంటకు కావలసింది వైశాల్యం. మన డంపు నీళ్లలో ఆ ఒండ్రును పట్టాలంటే దాదాపు రెండెకరాల నీటి పరపు కావాలి. లోతు ఉపయోగపడేది పూడిక దాచుకోవడానికి.

రెండెకరాలా అని గుండె బాదుకోకు, అది డంపు మీద పడ్డ వానకే, పై కొండ నీళ్లూ కలిస్తే ఇంకా పెరుగుతుంది. అందుకే పై కొండ నుంచి వచ్చే తేట నీళ్లను డంపు మీదికే రానియ్యకుండా, చుట్టూ గార్లాండ్ డ్రైన్ తవ్వి పక్కకు మళ్లించాలి. బురద నీళ్లు ఎంత తగ్గితే గుంట అంత చిన్నదవుతుంది. నా లెక్కన గుంట కంటే ఈ కాలువే ముఖ్యం. దీన్ని తవ్వినంత బద్ధకంగా మరేదీ తవ్వరు!

గుంటలో నీళ్లు ఒక కొసన వచ్చి రెండో కొసన పోవాలి. రెండూ పక్కపక్కనే పెడితే నీళ్లు దగ్గరి దారి పట్టి పోతాయి, మిగతా గుంటంతా దండగ. లెక్క తప్పే వానకు మరవ ఉండాలి, లేకుంటే కట్టే పోతుంది. పర్యావరణ అనుమతుల్లో 50 ఏళ్ల వాన లెక్క చూసి, దానిపైన మరో 50 శాతం కలుపుకొమ్మని షరతు రాస్తారు.

బంకమట్టి అప్పటికీ తేలుతూనే ఉంటుంది. మీ జేజి బిందెలో చిల్లగింజ అరగదీసేది చూడూ, ఆ విద్యే కావాలి. బంకమట్టి రేణువులు రుణావేశంతో ఒకదాన్నొకటి తోసుకుంటాయి. గింజలోని పదార్థమో, పటికో ఆ తోపులాటను ఆపితే ముద్దలై దిగిపోతాయి.

ఇంక పూడిక. చెరువు పూడిక అంటే మన రైతు బండి కట్టుకొని పోయి చేలో తోలుకుంటాడు. గని పూడికను అట్లా తోలుకోకూడదు, అది పంటకు సత్తువ ఇచ్చే మట్టి కాదు. అట్లని వదిలేస్తే గుంట నిండి, మరుసటి వాన అంతా వాగులోకే. అనంతపురానికి హెచ్చెల్సీ అనే ఎగువ కాలువ ద్వారా నీళ్లిచ్చే తుంగభద్ర జలాశయమే చూడు, మొదట్లో 133 టీఎంసీలు పట్టేది ఇప్పుడు 105 టీఎంసీల పైచిలుకే పడుతుంది. అదంతా గనుల పాపమే అనను, నది పొడుగునా కొట్టుకొచ్చిన మట్టి అది. పోయిన జాగా తిరిగి రావడం మాత్రం కష్టం. గని గుంట చిన్నది కాబట్టి ఎండాకాలంలో జేసీబీ పెట్టి తోడెయ్యొచ్చు. తోడింది కట్ట మీద పోశారో, మొదటి వానకే మళ్లీ లోపలికి. డంపు పాదం గోడకు వెనక పోసి, పైన కిత్తనార నాటాలి.